నిన్న ఈఎన్‌పీ3ఎస్0, ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0: లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డుల పేర్ల గోల

పోయినేడాది ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఇంకో ఎన్‌వీఎంఈ డిస్కు బిగించా. ఆ డబ్బాలో ప్రాక్స్‌మాక్స్ (ఒకే మెషీన్లో చాలా మెషీన్లు నడిపే లినక్స్) నడుస్తుంది, దాని మీద రెండు మూడు వీఎంలు, అంటే ఉత్తుత్తి కంప్యూటర్లు, ఫొటోల బ్యాకప్, ఇంట్లో ఫోన్లకి యాడ్స్ రాకుండా ఆపే డీఎన్ఎస్ (సైటు పేరుని అడ్రస్‌గా మార్చేది), అన్నీ దాని నెత్తినే. డిస్కు పెట్టి, ఆన్ చేసి, ఫ్యాన్ తిరుగుతోంది కదా అని మానిటర్ కూడా తగిలించకుండా ఆఫీసుకి వెళ్లిపోయా. అరగంటకి తమ్ముడి ఫోన్.

"అన్నయ్యా, నెట్ రావట్లేదు."

మానిటర్ పెట్టించి, లాగిన్ అవ్వమని చెప్పి, నెట్‌వర్క్ కార్డుల లిస్టు చూపించే ఐపీ లింక్ కమాండ్ కొట్టి వచ్చింది వచ్చినట్టు చదవరా అన్నా.

"ఒకటి ఎల్ఓ. రెండు ఈఎన్‌పీ4ఎస్0, స్టేట్ డౌన్ అని ఉంది. మూడు వీఎంబీఆర్0."

"నాలుగా? సరిగ్గా చూడు, మూడు కాదూ?"

"నాలుగే అన్నయ్యా, నాకు కళ్లు బానే ఉన్నాయి."

అక్కడ అర్థమైంది. నేను ముట్టుకుంది డిస్కుని, కదిలింది నెట్‌వర్క్ కార్డు పేరు. కాన్ఫిగ్ ఫైల్లో బ్రిడ్జికి (వీఎంలని బయటి నెట్‌కి కలిపే వీఎంబీఆర్0 కి) ఈఎన్‌పీ3ఎస్0 ని కట్టి పెట్టా, ఇప్పుడు ఆ పేరుతో మెషీన్లో ఎవరూ లేరు, ఉన్న కార్డుని ఎవరూ పిలవట్లేదు. కేబుల్ బానే ఉంది, కార్డు బానే ఉంది, డ్రైవర్ బానే ఉంది, డీఎన్ఎస్ కూడా ఆ డబ్బాలోనే కాబట్టి ఇల్లంతా నెట్ లేదు.

తమాషా ఏంటంటే ఈ పేర్లు పెట్టే పద్ధతికి సిస్టమ్‌డీ (లినక్స్‌లో బూట్, సర్వీసులు చూసుకునే సాఫ్ట్‌వేర్) వాళ్లు పెట్టుకున్న పేరే ప్రెడిక్టబుల్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ నేమ్స్. అంటే కార్డు పేరు ఏమొస్తుందో ముందే చెప్పేయొచ్చు అని. మరి మారిందేంటి అని తిట్టుకునే ముందు, ఇది ఏ రోగానికి మందుగా వచ్చిందో చూడాలి, లేకపోతే చాలామంది చేసినట్టు మందు పారేసి పాత రోగం మళ్లీ తెచ్చుకుంటాం.

పాత రోజుల్లో అన్నీ ఈత్0, ఈత్1. ఇది ఆర్టీసీ బస్సులో సీట్ల లెక్క, ముందు ఎక్కినోడిది కిటికీ సీటు. బూట్ టైంలో కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయకి) ఏ కార్డు ముందు కనబడితే దానికి ఈత్0, తర్వాతి దానికి ఈత్1, అంతే, ఇందులో ఇంకే తెలివీ లేదు. డ్రైవర్లు ఒకదాని తర్వాత ఒకటి లోడ్ అయినంత కాలం వరస కూడా పెద్దగా మారేది కాదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. తర్వాత బూట్ స్పీడ్ పెంచాలని హార్డ్‌వేర్ కనబడ్డాక దాని డ్రైవర్లని యూడెవ్ (కొత్త హార్డ్‌వేర్ కనబడితే దాని పనులు చూసే ప్రోగ్రాం) ఒకేసారి పక్కపక్కనే లోడ్ చేయడం మొదలయ్యాక, ఇంటెల్ కార్డు డ్రైవర్ ముందు లేస్తుందా రియల్‌టెక్ డ్రైవర్ ముందు లేస్తుందా అనేది ఆ పూట ఆ మిల్లీసెకన్ల అదృష్టం. పదిసార్లు రీబూట్ చేస్తే తొమ్మిదిసార్లు ఒక వరస, పదోసారి ఇంకో వరస. ఇలాంటి తప్పుల్ని పట్టుకోవడం నరకం, ఎందుకంటే మనం కూర్చుని చూస్తుంటే చచ్చినా రాదు.

కార్డు ఒక్కటే ఉంటే ఏ గొడవా లేదు, ఉన్నదొక్కటే కాబట్టి అదే ఈత్0. రెండు కార్డులు పెట్టుకుని ఒకటి ఇంటర్నెట్ వైపు, ఒకటి ఇంటి వైపు రౌటర్‌లా నడిపేవాళ్లకి మాత్రం ప్రాణసంకటం. ఫైర్‌వాల్ రూల్స్ పేరు చూసి పనిచేస్తాయి, మనిషిని చూసి కాదు. ఈత్0 అంటే బయటి వైపు, అటు నుంచి వచ్చేది ఆపు, ఈత్1 అంటే ఇంటి వైపు, వదిలెయ్ అని రాసి పెట్టుకుంటే, పేర్లు తారుమారైన రోజు బయటి ప్రపంచానికి తలుపులు బార్లా తీసి ఇంట్లోవాళ్లని గేటు దగ్గర ఆపేస్తుంది. నెట్ పోతే కనీసం తెలుస్తుంది, తలుపు తెరుచుకున్న సంగతి తెలిసి చావదు.

దీనికి మొదట వేసిన కట్టు ఎంఏసీ అడ్రస్ (ఒక్కో కార్డుకి ఉండే విడి నంబరు) గుర్తుపెట్టుకోవడం. కార్డు మొదటిసారి కనబడగానే యూడెవ్ 70-పర్సిస్టెంట్-నెట్ అనే రూల్స్ ఫైల్లో ఫలానా ఎంఏసీ ఉన్నోడు ఈత్0 అని ఒక లైను రాసేసుకునేది. బానే ఉందనిపిస్తుంది కదా, సర్వర్లు డిస్కుతో సహా కాపీ కొట్టే అలవాటు ఉన్న ఆఫీసులో పనిచేసినవాళ్లని అడగండి చెప్తారు. వీఎం ఒకటి తయారుచేసి దాన్ని క్లోన్ చేస్తే కొత్త వీఎంకి కొత్త ఎంఏసీ వస్తుంది, కానీ కాపీ అయిన డిస్కులో పాత ఎంఏసీకి ఈత్0 రిజర్వ్ అయిపోయి ఉంటుంది, కండక్టర్ తువ్వాలు వేసిన సీటులా ఎవరూ కూర్చోరు, ఎవర్నీ కూర్చోనివ్వదు. కొత్త కార్డు ఈత్1 అవుతుంది. మళ్లీ క్లోన్ చేస్తే ఈత్2. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టెంప్లేట్ తీసే ముందు ఆ ఫైల్ డిలీట్ చేయడం అనేది చెక్‌లిస్టులో మొదటి లైను, ఎందుకో ఎవరూ చెప్పలేదు, చేయకపోతే మాత్రం తిట్లు.

ఇంకో చిక్కు ఉంది. ఈత్0 ని ఈత్1 గా, ఈత్1 ని ఈత్0 గా మార్చాలంటే మధ్యలో ఒకదాన్ని తాత్కాలిక పేరుతో పక్కన నిలబెట్టాలి. యూడెవ్ ఇలా అటుఇటు సర్దుతుంటే అదే టైంలో కెర్నల్ ఇంకో కొత్త కార్డుకి ఖాళీ అయిన ఈత్1 ఇచ్చేసేది. అప్పుడు సర్దుబాటు సగంలో ఆగి, కార్డు పేరు రీనేమ్3 అని మిగిలిపోయేది. పాత సర్వర్లో ఎప్పుడైనా రీనేమ్ అని మొదలయ్యే ఇంటర్‌ఫేస్ కనబడి ఎవడ్రా ఈ పేరు పెట్టింది అనుకున్నారా, ఎవడూ పెట్టలేదు, ఇద్దరు కొట్టుకుంటే మధ్యలో మిగిలింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ కావాలి.

అందుకే డెల్ వాళ్లు బయోస్‌డెవ్‌నేమ్ అని ఒకటి తీసుకొచ్చారు, మదర్‌బోర్డు మీద పోర్టు అయితే ఈఎం1, స్లాటులో గుచ్చిన కార్డు అయితే పీ1పీ1 లాంటి పేర్లు, 2011లో ఫెడోరా 15లోకి వచ్చింది. 2013 జనవరిలో సిస్టమ్‌డీ 197తో ఇప్పుడు మనం చూస్తున్న పద్ధతి వచ్చింది. డెబియన్ కొత్త ఇన్‌స్టాలేషన్లలోకి ఇది 2017లో, వెర్షన్ 9తో వచ్చింది. దీని ఐడియా ఒక్కటే, ఎవరు ముందొచ్చారు అని అడగం, ఎక్కడ ఉన్నావు అని అడుగుతాం.

పేరు చదవడం చాలా తేలిక. మొదటి రెండక్షరాలు జాతి, ఈఎన్ అంటే ఈథర్‌నెట్, డబ్ల్యూఎల్ అంటే వైఫై, డబ్ల్యూడబ్ల్యూ అంటే సిమ్ వేసే మోడెమ్. ఆ తర్వాత ఓ వస్తే బోర్డు మీదే ఉన్న పోర్టు, దాని నంబరు ఫర్మ్‌వేరే (బయోస్) చెప్తుంది, అలా ఈఎన్ఓ1. ఎస్ వస్తే స్లాట్ నంబరు, ఈఎన్ఎస్18 లాంటివి. ఈ రెండూ దొరకకపోతే పీసీఐ అడ్రస్ (మదర్‌బోర్డులో కార్డులు తగిలే దారుల లెక్క, ఇక్కడ బస్సు అంటే ఆ దారి, ఆర్టీసీది కాదు), బస్సు ఎంత, ఆ బస్సు మీద డివైస్ ఎంత అని, ఈఎన్‌పీ3ఎస్0 అంటే బస్సు 3, డివైస్ 0. ఒకే చిప్‌లో చాలా పనులుంటే చివర ఎఫ్ అని ఫంక్షన్ నంబరు కూడా తగులుతుంది.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చిన్న గుంట ఉంది. పీసీఐ కార్డుల లిస్టు ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే వచ్చే అడ్రస్ హెక్సాడెసిమల్ (పదహార్ల లెక్క, 10 నుంచి 15 దాకా ఏ నుంచి ఎఫ్), ఇంటర్‌ఫేస్ పేరులో ఉండేది మామూలు దశాంశ లెక్క. ఇంటెల్ చిప్‌సెట్ ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనబడే ఈఎన్‌పీ0ఎస్31ఎఫ్6 ని చూడండి, ఎల్ఎస్‌పీసీఐలో 31 కోసం వెతికితే దొరకదు, అక్కడ 00:1ఎఫ్.6 అని ఉంటుంది. హెక్స్‌లో 1ఎఫ్ అంటే 31. బస్సు 0ఏ అని కనబడితే పేరులో 10 అవుతుంది. నేను దీని మీద ఒక సాయంత్రం మొత్తం తగలేశా, కార్డే లేదనుకుని.

సరే, ఎక్కడ ఉన్నావో చూసి పేరు పెడితే మా ఇంట్లో కార్డు కదలకుండానే పేరెందుకు మారింది? ఎందుకంటే పీసీఐ బస్సు నంబరు అనేది బోర్డు మీద అచ్చేసిన నంబరు కాదు. పవర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ ఆ చివర నుంచి ఈ చివరిదాకా నడుచుకుంటూ, ఎవరింట్లో మనుషులున్నారో చూసుకుంటూ వరసగా నంబర్లు వేసుకుంటూ పోతుంది. ఇంతకుముందు ఖాళీగా ఉన్న ఎం2 స్లాటు (ఎన్‌వీఎంఈ డిస్కు గుచ్చేది, అదీ పీసీఐ మీదే) వెనకాల పోర్టుని చాలా బోర్డులు పట్టించుకోవు, ఖాళీ ప్లాటుకి డోర్ నంబర్ ఎందుకు అన్నట్టు. నేను అక్కడ డిస్కు పెట్టగానే ఆ ప్లాటులో ఇల్లు లేచింది, దానికి 3 ఇచ్చేశారు, దాని తర్వాత ఉన్న నెట్‌వర్క్ కార్డు 4 అయింది. మన ఊళ్లలో మున్సిపాలిటీ వాళ్లు మళ్లీ నంబర్లేస్తే కదలని ఇంటికి కూడా డోర్ నంబర్ మారుతుంది చూడండి, గేటు మీద పాత నంబరు కొట్టేసి కొత్తది రాసుకుంటాం, కొరియర్ వాడు మాత్రం పాత నంబరు పట్టుకుని వీధంతా తిరుగుతుంటాడు, అచ్చం అదే. గ్రాఫిక్స్ కార్డు పెట్టినా తీసినా ఇదే జరగొచ్చు, బయోస్‌లో ఏదో ఆప్షన్ ఆన్ చేసినా జరగొచ్చు.

అంటే ప్రెడిక్టబుల్ అన్నది అబద్ధం కాదు, కాకపోతే దానికున్న షరతు ఎవరూ చదవరు: హార్డ్‌వేర్ ఇలాగే ఉన్నంతవరకు ప్రతి బూట్‌కీ ఇదే పేరు అని మాత్రమే అది చెప్పింది, నువ్వు ఏం పీకి ఏం పెట్టినా ఇదే పేరు అని ఎప్పుడూ చెప్పలేదు. నా దృష్టిలో పేరు పెట్టినవాళ్లు అతిగా పొగుడుకున్నారు, స్థలాన్ని బట్టి పేరు అని పెట్టుకునుంటే సగం తిట్లు తప్పేవి.

హార్డ్‌వేర్ ముట్టుకోకపోయినా మారే సందర్భాలు ఇంకో రెండున్నాయి. ఒకటి ఫర్మ్‌వేర్ చెప్పే మాటలు. ఓ, ఎస్ పేర్లకి నంబరు ఇచ్చేది బయోస్ కాబట్టి బయోస్ అప్‌డేట్‌లో ఆ టేబుల్ మారితే పేరూ మారుతుంది. బయోస్ చెప్పే నంబర్లు ఎంత చెత్తగా ఉండొచ్చో తెలియాలంటే వీఎంవేర్‌లో సెంటోస్ 7 వేసినవాళ్లకి ఈఎన్ఓ16777736 అనే పేరు గుర్తుండే ఉంటుంది, అది కార్డు పేరా బ్యాంకు అకౌంట్ నంబరా అని నవ్వుకునేవాళ్లం, తర్వాత సిస్టమ్‌డీ వాళ్లు మరీ పెద్ద నంబర్లని పట్టించుకోవడం మానేశారు. అలా మానేయడమే రెండో కారణం: పేరు లెక్కగట్టే రూల్సే సిస్టమ్‌డీ వెర్షన్ని బట్టి మారుతుంటాయి. ఓఎస్ అప్‌గ్రేడ్ చేయగానే ఇంటర్‌ఫేస్ పేరు మారిందంటే అనుమానించాల్సింది దీన్నే. దీనికి వెర్షన్ 240 నుంచి నెట్.నేమింగ్-స్కీమ్ అనే కెర్నల్ పారామీటర్ ఉంది, ఫలానా వెర్షన్ లెక్క ప్రకారమే పేర్లు పెట్టు అని గ్రబ్‌లో (కెర్నల్‌ని లేపే ప్రోగ్రాంలో) కట్టేయొచ్చు. రిమోట్‌లో ఉన్న సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేసే ముందు ఈ ఒక్క లైను పెట్టుకుంటే రాత్రి పూట డేటా సెంటర్‌కి పరిగెత్తే పని తగ్గుతుంది.

యూఎస్‌బీ అడాప్టర్ల కథ వేరు. వాటిని ఇవాళ ఈ పోర్టులో రేపు ఆ పోర్టులో గుచ్చుతాం కాబట్టి స్థలం పేరు పెట్టి లాభం లేదని డెబియన్, ఉబుంటు లాంటివాటిలో ఎంఏసీతోనే పేరు పెడతారు, ఈఎన్ఎక్స్ తర్వాత పన్నెండు అక్షరాల ఎంఏసీ. లెక్కేయండి, మూడు ప్లస్ పన్నెండు పదిహేను. లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు గరిష్ఠంగా పదిహేను అక్షరాలే. అంటే గీత దగ్గర సరిగ్గా ఆగింది, దాని మీద వీల్యాన్ (ఒకే కార్డు మీద ఇంకో విడి నెట్‌వర్క్) పెడదామని వెనకాల చుక్క 100 తగిలిస్తే ఇక చోటు లేదు, ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ చూస్తే పేరు పొడుగైందని చాలాసార్లు తట్టదు.

ఇక నిజంగా గొడవ వచ్చినప్పుడు ఎలా పట్టుకోవాలి. ఉబుంటు సర్వర్లో మొదటి లక్షణం బూట్‌లోనే కనబడుతుంది, నెట్‌వర్క్ కోసం ఆగుతున్నా అంటూ స్టార్ట్ జాబ్ మెసేజ్ వచ్చి రెండు నిమిషాలు కదలదు. చాలామంది డిస్కు పోయిందేమో అని కంగారుపడతారు. ఆ రెండు నిమిషాలు వెయిట్-ఆన్‌లైన్ సర్వీసుకి ఉన్న డిఫాల్ట్ గడువు, నెట్‌ప్లాన్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగుల్లో) రాసిన పేరున్న కార్డు వస్తుందేమో అని పాపం ఎదురుచూస్తుంది. లాగిన్ అయ్యాక నేను మొదట చూసేది డీమెసేజ్‌లో (కెర్నల్ మెసేజ్‌ల లిస్టులో) రీనేమ్డ్ అనే మాట. ఫలానా డ్రైవర్, ఫలానా పీసీఐ అడ్రస్, ఈత్0 నుంచి ఈ పేరుకి మారింది అని కెర్నల్ ఒక్క లైనులో చెప్పేస్తుంది. ఆ లైనే లేకపోతే పేరు అసలు మారలేదని అర్థం, అప్పుడు గ్రబ్‌లో నెట్.ఇఫ్‌నేమ్స్ (ఈ కొత్త పేర్లని ఆపే పారామీటర్) సున్నా చేసి ఉందేమో చూడాలి. తర్వాత యూడెవ్ఏడీఎం ఇన్ఫో అని ఆ ఇంటర్‌ఫేస్ మీద కొడితే బోర్డు ప్రకారం పేరేంటి, స్లాటు ప్రకారం ఏంటి, పాత్ ప్రకారం ఏంటి, చివరికి ఏ లింక్ ఫైల్ (పేరు పెట్టే రూలు ఉన్న ఫైలు) ఈ పేరు పెట్టింది అన్నీ వస్తాయి. ఎవరు పెట్టారో తెలిశాక ఎందుకు పెట్టారో తెలుసుకోవడం పెద్ద పని కాదు.

రిపేరుకొస్తే నెట్లో ముందు దొరికే సలహా నెట్.ఇఫ్‌నేమ్స్ సున్నా పెట్టెయ్, హాయిగా ఈత్0 వచ్చేస్తుంది అని. ఒక్క కార్డున్న వీఎంకి పెట్టుకోండి, నేనూ పెడతా, తప్పేం లేదు. రెండు కార్డులున్న మెషీన్లో ఇది పెడితే మళ్లీ ఆర్టీసీ బస్సు ఎక్కినట్టే, ఇవాళ పనిచేసింది కదా అనేది ఏ రుజువూ కాదు.

నాకు నచ్చిన పద్ధతి మనమే పేరు పెట్టడం. ఈటీసీ లోపల సిస్టమ్‌డీ, దాని లోపల నెట్‌వర్క్ అనే ఫోల్డర్లో 10-ల్యాన్.లింక్ అని ఫైలు, అందులో మ్యాచ్ కింద కార్డు ఎంఏసీ, లింక్ కింద నేమ్ అని మనకి కావాల్సిన పేరు, అంతే నాలుగు లైన్లు. ఫైలు పేరులో 10 ఊరికే పెట్టింది కాదు, సిస్టమ్‌డీ అక్షరక్రమంలో చూసుకుంటూ మొదట కుదిరిన ఒక్క ఫైలునే వాడుకుని మిగతావి వదిలేస్తుంది, డిఫాల్ట్ ఫైలు 99తో మొదలవుతుంది కాబట్టి మనది దానికంటే ముందుండాలి. పేరు మాత్రం ఈత్0 అని పెట్టొద్దు, ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే, కెర్నల్ కూడా అదే గంపలోంచి పేర్లు తీస్తుంది కాబట్టి మళ్లీ ఇద్దరూ కొట్టుకుంటారు. ల్యాన్0, వ్యాన్0, బయట0, ఏదైనా సరే, కెర్నల్ తనంతట తను పెట్టని పేరైతే చాలు. అదీ ఇంగ్లీష్ అక్షరాల్లోనే పెట్టుకోండి, తెలుగులో పెట్టి చూద్దామనే సరదా సర్వర్ మీద వద్దు.

ఎంఏసీతో పట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త. బాండింగ్ (రెండు కార్డుల్ని ఒకటిగా కట్టడం) చేసినా వీల్యాన్ పెట్టినా కింద కార్డు ఎంఏసీనే పై ఇంటర్‌ఫేస్ కూడా తగిలించుకుంటుంది, అప్పుడు మన రూలుకి ఇద్దరు ముగ్గురు కుదిరి ఒకే పేరు కోసం ఎగబడతారు. అందుకని ఎంఏసీఅడ్రస్ బదులు పర్మనెంట్ఎంఏసీఅడ్రస్ అని రాస్తే కార్డులో ఫ్యాక్టరీలో అచ్చేసిన నంబరునే చూస్తుంది, ఆ నంబరు ఈత్‌టూల్‌కి పెద్ద పీ ఇస్తే చూపిస్తుంది. నెట్‌ప్లాన్ వాడేవాళ్లైతే మ్యాచ్ కింద ఎంఏసీ, పక్కన సెట్-నేమ్, అదీ ఇదే పని.

ఇన్ని చేశాక కూడా రీబూట్ చేస్తే పాత పేరే వచ్చిందని ఏడ్చేవాళ్లు చాలామంది, నేనూ ఏడ్చా. దానికి కారణం ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. అసలు డిస్కు మౌంట్ అవ్వకముందే ఒక చిన్న సిస్టమ్ మెమరీలో లేస్తుంది కదా, అందులో కూడా యూడెవ్ ఉంటుంది, అందులో కూడా లింక్ ఫైళ్ల కాపీ ఉంటుంది, అది నిన్నటి కాపీ. పేరు అక్కడే పెట్టేస్తుంది, తర్వాత అసలు సిస్టమ్ వచ్చి చూస్తే ఎవరో ఆల్రెడీ పేరు పెట్టారు కదా అని ముట్టుకోదు, డిఫాల్ట్ పాలసీలో మొదటి మాటే ఉన్నది ఉంచు అని. కాబట్టి ఫైలు మార్చిన వెంటనే డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌కి చిన్న యూ, ఫెడోరా వైపు డ్రాకట్‌కి చిన్న ఎఫ్ కొట్టి తర్వాత రీబూట్ చేయాలి. నెట్‌వర్క్ మీద నుంచే బూట్ అయ్యే మెషీన్లలో ఇంకో మెలిక, అక్కడ కార్డు ఆ చిన్న సిస్టమ్‌లోనే ఆన్ అయిపోతుంది, ఆన్‌లో ఉన్న కార్డు పేరు మార్చడానికి పాత కెర్నల్స్ ఒప్పుకోవు.

2020లో వచ్చిన కెర్నల్ 5.5 నుంచి ఆల్ట్‌నేమ్ అని ఒకటుంది, ఒకే కార్డుకి అసలు పేరుతో పాటు ఇంకొన్ని పేర్లు. ఐపీ లింక్ కొడితే కింద లైన్లలో కనబడతాయి, ఐపీ కమాండ్‌లో ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది. గేటు మీద పాత నంబరు కొత్త నంబరు రెండూ రాసుకున్నట్టు. ఫైర్‌వాల్ రూల్స్ లాంటివి మాత్రం అసలు పేరునే చూస్తాయి కాబట్టి దీన్ని నమ్ముకుని వాటిని వదిలేయకూడదు.

మా ఇంటి డబ్బా సంగతికొస్తే ఆ రోజు ఫోన్లోనే తమ్ముడి చేత కాన్ఫిగ్‌లో 3 ని 4 చేయించి నెట్ తెప్పించా, ఆదివారం కూర్చుని లింక్ ఫైలు రాశా. ఈ మధ్య దాంట్లో పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెట్టా, ఎల్ఎస్‌పీసీఐలో చూస్తే నెట్‌వర్క్ కార్డు బస్సు 5కి జరిగింది, పేరు మాత్రం ల్యాన్0 గానే ఉంది, ఎవరూ ఫోన్ చేయలేదు. మిగిలిన ఇబ్బంది ఒక్కటే, ఆ కార్డు కాలిపోయి కొత్తది పెడితే ఎంఏసీ మారుతుంది, రూలు పనిచేయదు. అందుకని క్యాబినెట్ లోపలి వైపు మాస్కింగ్ టేప్ అతికించి దాని మీద మార్కర్‌తో ఎంఏసీ, ఫైలు ఎక్కడుందో, మార్చాక కొట్టాల్సిన కమాండ్ రాసి పెట్టా. రాత నాకే సరిగ్గా అర్థం కాదు, తమ్ముడికి ఇంకోసారి చదివి వినిపించాలి.